ఇంట్లో పని, హైదరాబాదులో నమ్మకం

ఇంటి నుంచి పని అంటే సుఖమని మీకు ఎవరో చెప్పే ఉంటారు. చెప్పినవాళ్లు ఆ పని చేసి ఉండరు. చేసి ఉంటే వాళ్లింట్లో ఒక గది ఎక్కువ ఉండి ఉంటుంది.

మా పక్కింటి అమ్మాయి స్వప్న ఈ మధ్యనే అలాంటి ఉద్యోగంలో చేరింది. కొత్త హెడ్‌సెట్ మెడలో వేసుకుని వచ్చి, "పిన్నీ, ఇన్నేళ్లు సేసేవు గదా, ఏటేటి జాగర్తగా ఉండాలో సెప్పు" అంది. ఆ రోజు నాకు మాట్లాడే ఓపిక లేదు. టీ ఇచ్చి పంపించేశాను. తర్వాత మనసొప్పక ఇది రాస్తున్నాను. రిటైరైతే అలసట తీరుతుందని అందరూ అంటారు గానీ నాకు తీరలేదు. ఇప్పటికీ ఫోన్ మోగితే "చెప్పండి, మీ కంప్లైంట్ నంబరు?" అనబోయి నాలుక కరుచుకుంటాను.

మా కంపెనీ పేరు మీకు అక్కర్లేదు. ఫ్రిజ్జులు, వాషింగ్ మెషీన్లు, నీళ్ల ఫిల్టర్లు పాడైనప్పుడు జనం కోపంగా చేసే ఫోన్లు మేం ఎత్తేవాళ్లం. నేను ఫోన్లెత్తే మనిషిగా చేరి, ఫోన్లెత్తేవాళ్లకు టీమ్ లీడర్‌గా రిటైరయ్యాను. ఆ పదోన్నతి కూడా పైనున్నాయన మానేసి వెళ్లిపోతే వచ్చింది కాబట్టి దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కుర్చీ వెనక మనిషి

మొదట్లో మా ఆఫీసు ఒడిశాలోని బరంపురం బడా బజార్‌లో ఒక బట్టల కొట్టు పైన ఉండేది. కింద పట్టుచీరల బేరాలు, పైన మా ఫోన్లు. ఈ ఊళ్లో ఆఫీసు పెట్టడానికి కారణం మా నోళ్లు. ఇక్కడి తెలుగువాళ్లకు ఒడియా తల్లిపాలతోనే వస్తుంది. ఛత్రపురం నుంచి చేసినాయనతో "ఆజ్ఞా, కుహంతు" అని మర్యాదగా మొదలుపెట్టి, మరుక్షణం ఇచ్ఛాపురం నుంచి చేసినావిడతో "సెప్పండమ్మా" అనగల మనిషి హైదరాబాదులో రెండు జీతాలిచ్చినా దొరకడు.

అప్పటి మేనేజరు రోజంతా మా కుర్చీల వెనక నడిచేవారు. ఆయనకు చెవుల కంటే కళ్ల మీద నమ్మకం. కుర్చీలో మనిషి ఉంటే పని జరుగుతున్నట్టే. మాలో ఒకాయన హెడ్‌సెట్ పెట్టుకుని, తెర వైపు ముఖం పెట్టి హాయిగా కునుకు తీసేవాడు. ఆయనకు మంచిపేరు. ఇంకొకావిడ చకచకా కాల్స్ ముగించి, కాస్త గాలి కోసం కిటికీ దగ్గర నిలబడేది. ఆవిడకు చీవాట్లు. "సార్, ఒకసారి ఆవిడ కాల్స్ వినండి" అని నేను అడిగితే, "వినే టైమెక్కడిదమ్మా, చూస్తున్నాను కదా" అన్నారు.

మాకు ఆయనంటే ఒళ్లు మంట. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి ఒప్పుకోవాలనిపిస్తుంది. ఎవరు వానలో తడిసి వచ్చారో, ఎవరి కళ్లు ఏడ్చి ఎర్రబడ్డాయో ఆయనకు తెలిసేది. నెలలు నిండుతున్న అమ్మాయి పాదాలు వాచాయని గమనించి, అడక్కుండానే ఫ్యాను కిందకు కుర్చీ మార్పించారు. ఆయనకు పని కనపడేది కాదు, మనుషులు కనపడేవాళ్లు. తర్వాత వచ్చినవాళ్లకు పని మొత్తం కనపడింది.

పచ్చ చుక్క

కరోనా వచ్చి ఆఫీసు మూశారు. కంప్యూటర్లు ఆటోల్లో మా ఇళ్లకు వచ్చాయి. కరోనా పోయింది గానీ ఆఫీసు మళ్లీ తెరవలేదు. అద్దె లేకుండా కూడా పని నడుస్తుందని పైవాళ్లకు అప్పుడే అర్థమైంది. బరంపురంలో మేనేజరు ఉద్యోగమూ పోయింది. హైదరాబాదులో కూర్చున్న రఘునందన్ గారు మా అందరికీ బాస్ అయ్యారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన పైన ఇంకొకరు, వాళ్ల పైన మరొకరు ఉన్నారు. మధ్యలో నేను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, ఆయన తప్పకుండా టీమ్ లీడరే అయి ఉంటాడు.

మా పేర్ల పక్కన తెర మీద ఒక చుక్క ఉండేది. పని చేస్తుంటే పచ్చగా, కాసేపు మౌస్ కదలకపోతే పసుపుగా మారేది. ఆ చుక్క కోసం మా వాళ్లు పడ్డ పాట్లు రాస్తే నవ్వుతారు. ఒకమ్మాయి ఎడమచేత్తో మౌస్ జరుపుతూ కుడిచేత్తో పఖాళ, అదే నీళ్లు పోసిన చద్దన్నం, తినేది. ఒక కుర్రాడు ఏకంగా మౌస్‌ను తిరిగే టేబుల్ ఫ్యాన్‌కు దారంతో కట్టేశాడు. ఎండాకాలం మధ్యాహ్నం, మా ఊరి కరెంటు సంగతి తెలుసు కదా. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, చుక్క పసుపైంది. కుర్రాడు మంచి నిద్రలో ఉన్నాడు.

అలాంటి తెలివితేటలకు పోకండి. ఒకడు దొరికితే వందమంది మీద అనుమానం. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మేనేజ్‌మెంట్ కంటికి మన ఇల్లే ఆ తాటిచెట్టు. మనం మంచం మీద ఉన్నామని, పప్పు తాలింపు పెడుతున్నామని వాళ్లు ముందే ఊహించేసుకుని ఉంటారు. ఆ ఊహతో పోట్లాడటంలోనే మన ఓపికంతా అయిపోతుంది, అసలు పని దాని తర్వాతే.

చెడు కబురు మన నోటితోనే

సావిత్రి అని ఒకమ్మాయి ఉండేది. పడవలున్న ఇంటికి కోడలిగా ఆర్యపల్లి వెళ్లింది. పెళ్లయ్యాక కూడా మా టీమ్‌లోనే, అక్కడి నుంచే పని. పొద్దున్న పడవలు ఒడ్డుకు చేరేసరికి వాళ్ల వాకిట్లో చేపల వేలంపాట మొదలవుతుంది. ఒక కస్టమర్ రాసిపారేశాడు, నా వాషింగ్ మెషీన్ గురించి ఫోన్ చేస్తే వెనక నుంచి ఎవరో చేపల ధర అరుస్తున్నారని.

రఘునందన్ గారు నన్ను అడిగారు. "ఆ అమ్మాయి మన షిఫ్టులో చేపలమ్ముతోందా మేడమ్?"

సావిత్రికి చెప్తే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నానెందుకు అమ్ముతానప్పా? మా అత్త అమ్ముతాది. ఇల్లే అక్కడుంటే ఏటి సేస్తాను?" అంది. మా వైపు అక్కను అప్ప అంటారు. ఆఫీసు ఉన్నప్పుడు అందరికీ మేడమ్‌ని, ఇళ్లకు వెళ్లాక అప్పనైపోయాను.

"ఏడవకు. ఆ మాటే ఆయనకి నువ్వే ఫోన్ చేసి సెప్పు. ఇంకోసారి ఆయన నిన్ను అడిగేలోపు నువ్వే సెప్పీయాల" అన్నాను.

ఆ అమ్మాయి భయపడుతూనే చేసింది. మాది సముద్రం ఒడ్డు, పొద్దున్న ఇలా ఉంటుంది, మధ్యాహ్నం షిఫ్టు ఇస్తే గోల ఉండదు అని చెప్పింది. ఆయన షిఫ్టు మార్చారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె గురించి నన్ను ఆరా తీయలేదు. పైగా హైదరాబాదు మీటింగుల్లో "మన ఆర్యపల్లి సావిత్రి గారు" అనడం మొదలుపెట్టారు.

నా సర్వీసంతటిలో పనికొచ్చిన పాఠం అదొక్కటే అనుకుంటాను. మన గురించి చెడు కబురు పైకి వెళ్లక తప్పదనిపిస్తే, అది మన నోటి నుంచే ముందు వెళ్లాలి. ఇంకొకరి నోట విన్న నిజం వాళ్లకు దొంగతనంలా వినపడుతుంది. ఈ మాట టీమ్‌లో అందరికీ చెప్పాను. కూర్మారావు కూడా విన్నాడు. కానీ తన దగ్గరున్నది చెడు కబురు అని అతనికి తట్టనే లేదు.

కూర్మారావు

కూర్మారావు నెమ్మదైన మనిషి. భార్య సుజాత, ఏడాది నిండని పాప. అతని మీద పైవాళ్లకు ఒకటే ఫిర్యాదు, కాల్స్ సాగదీస్తాడని. ముసలివాళ్లు ఫోన్ చేస్తే ముందు అన్నం తిన్నారా అని అడుగుతాడు, తర్వాతే ఫ్రిజ్ సంగతి. ఎన్నిసార్లు మార్కులు తగ్గించినా ఆ అలవాటు మానలేదు. నేనూ చెప్పి చెప్పి వదిలేశాను.

ఒక ఏడు చలికాలంలో పాపకు జ్వరం ముదిరి చాలా రోజులు ఆస్పత్రిలో ఉంది. అతని సెలవులన్నీ అక్కడే అయిపోయాయి. పాప బతికి ఇంటికొచ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. వేసవి వచ్చింది, ఊళ్లో ఠాకురాణి జాతర మొదలైంది. రెండేళ్లకోసారి అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. నెలరోజులు ఊరు ఊరులా ఉండదు. మొక్కున్నవాళ్లు వేషాలు కట్టి, వీధివీధీ తిరిగి భిక్షమెత్తి, అమ్మ దగ్గర మొక్కు తీర్చుకుంటారు.

సరిగ్గా అప్పుడే కంపెనీ కొత్త నియమం పెట్టింది. షిఫ్టంతా కెమెరా తెరిచి ఉండాలి. మధ్యమధ్యలో కంప్యూటరే మన ఫొటో తీసి, పాత ఫొటోతో పోల్చుకుంటుంది. ఎక్కడో ఒకచోట ఒకరి పేరు మీద ఇంకొకరు కూర్చుని పని చేస్తూ దొరికారట. దాంతో అందరి ముఖాలూ చూడాల్సి వచ్చింది.

జాతర చివరికొస్తుండగా రఘునందన్ గారి ఫోన్.

"మేడమ్, కూర్మారావు విషయం. కొన్నాళ్లుగా ఆయన కెమెరాలో చీకటి తప్ప ఏమీ రావడం లేదు. కాల్స్‌లో గొంతు కూడా ఆయనది కాదని ఆడిట్ వాళ్లు రాశారు. బదులు మనిషిని కూర్చోబెట్టాడని వాళ్ల అనుమానం. రేపటికి తేలకపోతే ఆయన్ని తీసేస్తారు. నా చేతిలో కూడా ఉండదు."

ఇంటి నుంచి చేసే పనిలో ఇంతకు మించిన నేరం లేదు. ఆ ముద్ర పడితే ఇంకే కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. రికార్డు చేసిన కాల్స్ తెరిచి విన్నాను. నిజమే, ఆ గొంతు కూర్మారావుది కాదు. గరగరమని, బొంగురుపోయి, ఎవరో పెద్ద వయసు మనిషి మాట్లాడుతున్నట్టుంది. కంగారు పడుతూ ఇంకొకటి విన్నాను. హింజిలికాటు నుంచి ఒక ముసలావిడ, ఫ్రిజ్‌లో నీళ్లు కారుతున్నాయంటోంది. ఆ బొంగురు గొంతు ముందు అడిగింది, "ఖాయిలేణి కి ఆయీ?" అని. అన్నం తిన్నావా అమ్మమ్మా అని.

అప్పుడు తెలిసింది నాకు, ఎవరో. ఆటో ఎక్కి వాళ్లింటికి వెళ్లాను.

స్టూలు మీద పులి

సుజాత తలుపు తీసి, నన్ను చూసి నవ్వాలో భయపడాలో తెలియక పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. లోపల కర్టెన్ పక్కకు తీసేసరికి ప్లాస్టిక్ స్టూలు మీద పులి కూర్చుని ఉంది. ఒళ్లంతా పసుపు, నల్ల చారలు. ముఖం నిండా రంగు, చెవుల మీద హెడ్‌సెట్. కూర్చోవడానికి అడ్డం రాకుండా తోకను గోడ మేకుకు తగిలించుకున్నాడు. నన్ను చూసి ఒక్క నిమిషం అని చేత్తో సైగ చేసి, ఎవరికో నీళ్ల ఫిల్టర్ ఎలా విప్పాలో ఓపిగ్గా చెప్పాడు. కాల్ అయ్యాక లేచి నిలబడ్డాడు.

"ఏటిది కూర్మారావు?"

"మొక్కప్పా." తల దించుకున్నాడు. "పాప ఆస్పత్రిలో ఉన్నప్పుడు మాయమ్మ మొక్కేసింది. బిడ్డ ఇంటికొస్తే నాను ఠాకురాణికి పులేసం కడతానని. కట్టినకాడి నుంచి మొక్కు తీరేదాకా మొకం కడగకూడదు. మా ఇంట్లో అంతే."

"సెలవెట్టలేకపోయేవా?"

"సెలవులేయప్పా? అన్నీ ఆస్పత్రిలోనే అయిపోనాయి గదా. అందుకే పగలు పని, సాయంత్రం ఆట. ఒక్క ఫోనూ వదల్లేదు. డప్పుల్లో అరిసి అరిసి గొంతు పోయింది, అంతే."

"మరి కెమెరా?"

సుజాత సిగ్గుపడుతూ తన నుదుటి వైపు చూపించింది. ఆవిడ బొట్టుబిళ్ల ఒకటి కెమెరా మీద అతికించి ఉంది.

"నవ్వుతారని మూసేను. పులి ఉద్యోగం సేస్తోందంటారు" అన్నాడు.

"నాకొక మాట సెప్పొచ్చు గదా, ఓరి బాబూ!"

"మొక్కుని అప్లికేసను పెట్టి సెప్పుకుంటారేటప్పా?" అన్నాడు. తర్వాత కొంచెం నవ్వి, "మొన్న మీ ఇంటి ముందర కూడా ఆడేను. మీరు సేటలో బియ్యం తెచ్చి పోసేరు. గుర్తట్టలేదా?" అన్నాడు.

గుర్తుపట్టలేదు. ఎవరి పులో బాగా ఆడుతోందనుకుని లోపలికి వెళ్లిపోయాను.

నా మాట

అక్కడి నుంచే రఘునందన్ గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మంచిది మేడమ్. అయితే సులువే కదా. కెమెరా తెరవమనండి, ఫొటో పడితే ఆడిట్ వాళ్ల నోరు మూతపడుతుంది."

కూర్మారావు నా వంక చూశాడు. నేను తలూపాను. గోటితో బొట్టుబిళ్ల తీశాడు. అవతల ఆయన తెర మీద పులి పడింది. రఘునందన్ గారు నవ్వలేదు, అది ఆయన మంచితనం. తెర మీద గడియారంలా ఏదో తిరిగి తిరిగి, కూర్మారావు ఫొటో పక్కన ఎర్ర గుర్తు పడింది. ముఖం సరిపోలేదు అని వచ్చింది. స్టూలు కాస్త వెనక్కి జరిపి మళ్లీ చూశాం. మళ్లీ ఎర్రదే.

"ఒకసారి ముఖం కడుక్కుని కూర్చోమనండి మేడమ్. రెండు నిమిషాల పని. తర్వాత మళ్లీ వేసుకోవచ్చు."

నేను ఏదో అనేలోపే వెనక నుంచి సుజాత అంది, "పాప మీద మొక్కు సార్." గట్టిగా అనలేదు. అని, పాపను గుండెకు అదుముకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. కూర్మారావు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు. పిల్ల మందులకు, ఇంటి అద్దెకు ఆ జీతమే ఆధారమని నాకు తెలుసు. అయినా ఆ చేతులు ముఖం మీదకు వెళ్లలేదు.

నేనన్నాను, "రఘునందన్ గారూ, ఇతను కూర్మారావే. నా ఎదురుగా ఉన్నాడు. ఆ కాల్స్ అన్నీ ఇతనే ఎత్తాడు. నా మాట మీద వదిలేయండి."

ఆయన, "నాకు మీ మాట చాలు మేడమ్. నిజంగానే చెప్తున్నాను. కానీ దాన్ని సిస్టంలో ఎక్కడ పెట్టమంటారు? సరిపోయింది, సరిపోలేదు. రెండే ఉన్నాయి" అన్నారు.

ఎగతాళికి అనలేదు. ఆ మనిషి నిజంగానే అడిగాడు. అందుకే నాకు కోపం కూడా రాలేదు. బడా బజార్ మెట్లెక్కి దిగిన ఏళ్లన్నిటిలో నేను సంపాదించుకున్నది ఆ మాటే. దాన్ని తీసుకోవడానికి అవతల మనిషి సిద్ధంగానే ఉన్నాడు, పెట్టుకోవడానికి చోటే లేదు.

కొత్తగా చేరేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించుకోండి. మేనేజ్‌మెంట్ నమ్మకం సంపాదించాలని మీకు బోలెడు సలహాలు ఇస్తారు. టైముకు లాగినవ్వండి, వెంటనే జవాబివ్వండి, రోజు చివర చేసిన పని రాసి పంపండి అని. అన్నీ చేయండి, అవి మంచివే. కానీ వాటివల్ల వచ్చేది నమ్మకం కాదు, అనుమానం రాకపోవడం మాత్రమే. నమ్మకం మనిషికి మనిషి మీదే పుడుతుంది. కాబట్టి మీ పైన కనీసం ఒక్కరికైనా మీ బతుకు తెలిసేలా చూసుకోండి. మీ ఇంట్లో ఎవరికి జ్వరమో, మీ వీధిలో ఏ జాతరో వాళ్లకు చెప్పి ఉంచండి. అడగలేదు కదా అని ఊరుకోకండి. పాతకాలం బాస్ వెనక నుంచి చూసి తెలుసుకునేవాడు. ఇప్పటివాళ్లకు మనమే చెప్పుకోవాలి. ఇదంతా చేసినా ఒక్కోసారి చాలదు. అది కూడా మీరు ముందే తెలుసుకోవడం మంచిది.

సెలవు

సాయంత్రం రఘునందన్ గారే మళ్లీ ఫోన్ చేశారు. ఆయన పగలంతా ఈ పని మీదే తిరిగినట్టున్నారు, గొంతు అలిసిపోయి ఉంది.

"ఒక దారి దొరికింది మేడమ్. ముఖం సరిపోని రోజులన్నీ జీతం లేని సెలవు కింద మార్చేద్దాం. సెలవులో ఉన్న మనిషికి బదులు మనిషి అన్న ప్రశ్నే రాదు. ఫైల్ మూసేస్తారు. జాతరయ్యాక ముఖం కడుక్కుని మామూలుగా లాగినవ్వమనండి."

"అతను పని చేసిన రోజులండీ అవి."

"తెలుసు."

"సెలవు లేకనే కదా ఆ రంగుతో కూర్చున్నాడు."

"తెలుసు మేడమ్. ఇలా రాస్తేనే ఉద్యోగం మిగులుతుంది. ఇంతకంటే నాకు చేతకాలేదు."

"ఆ కాల్స్ ఏం చేస్తారు మరి?"

"టీమ్ మొత్తం లెక్కలో వేసేస్తారు. మార్పు మాత్రం మీ లాగిన్ నుంచే జరగాలి."

నేను మళ్లీ బయల్దేరాను. ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. జాతర ఆఖరి రోజులు కదా, ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. జనంలోంచి నడుచుకుంటూ వెళ్లేసరికి కూర్మారావు వాళ్ల అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన డప్పులవాళ్లు బీడీలు తాగుతున్నారు. వాళ్లమ్మ కూర్చుని అతని మోకాలి మీద చెరిగిపోయిన చారను బ్రష్‌తో దిద్దుతోంది. నన్ను చూడగానే అతను ముందుకొచ్చాడు.

"పోయిందా అప్పా?"

"పోలేదు. ఉంది."

అతను కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. వాళ్లమ్మ అమ్మవారున్న వైపు తిరిగి దండం పెట్టింది. మిగతాది చెప్పకుండా అక్కడి నుంచి వచ్చేద్దామా అని నాకు అనిపించిన మాట నిజం. చెప్పాను. ఏం చేస్తున్నారో, ఎందుకో, అంతా.

డప్పువాడొకడు వేడి చేసిన డప్పును వేలితో మీటి చూసుకుంటున్నాడు.

"అయితే నాను పన్జేసిన రోజులన్నీ సెలవేనా?"

"అవును."

"జీతం పోతే పోయింది. ఆ ఆయీలు, ఆ తాతలు... ఆళ్లతో మాటాడింది నాను కాదంటారా?"

"నువ్వేనని నాకు తెలుసు. కాయితం మీద మాత్రం నువ్వు కాదు."

రంగు వెనక అతని ముఖం ఎలా మారిందో నాకు కనపడలేదు. కాసేపటికి, "సర్లెండి. ఆ రోజులు కూడా అమ్మకే ఇచ్చేనని అనుకుంతాను" అన్నాడు. నాకు నమస్కారం పెట్టాడు. డప్పులు లేచాయి. పులి వీధిలోకి దిగింది.

నేను ఇంటికి వచ్చి కంప్యూటర్ తెరిచాను. అతను పని చేసిన ఒక్కొక్క రోజు మీదా నొక్కి, హాజరు తీసేసి సెలవు పెట్టాను. చివర్లో, ఈ మార్పులు నిజమని మీరు ధ్రువీకరిస్తున్నారా అని అడిగింది. అవునని నొక్కాను. ఆ పూట అన్నం సయించలేదని రాస్తే బాగుంటుంది గానీ, సయించింది. తిని, చెయ్యి కడుక్కుని, మర్నాడు పొద్దున్న మళ్లీ లాగినయ్యాను.